ఏడో మంచె

లా ఫోర్తూనా,
మార్చి 12, 2004

మరదలు మయేలాకు,

నువ్వు వెళ్ళి ఏడు వారాలైంది. చేరినట్టు ఒక్క ముక్క రాయలేదు. బస్సు డ్రైవరును అడిగితే, "మీ మరదల్నీ పిల్లనీ క్వాహినికీల్ మలుపులో దించాను, వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళింది" అన్నాడు. నాకు తెలిసిందల్లా అంతే. తమ్ముడు ఎవేలియో ఆత్మశాంతికి తొమ్మిది రోజుల జపమాల ప్రార్థన ముగిసిందో లేదో, వచ్చినవాళ్ళు తాగిన కాఫీ కప్పులు కడగకముందే నువ్వు పెట్టె సర్దుకున్నావు. కష్టంలో కన్నతల్లి దగ్గరికి వెళ్ళాలనిపించడం తప్పు కాదు. కానీ అంత తొందరెందుకా అని నాకు అనిపించింది. కడుపులో దాచుకోవడం నాకు చేతకాదని నీకు తెలుసుగా, అందుకే రాసేస్తున్నాను.

నేను మళ్ళీ పనిలో చేరాను. అదే పట్టీల గది. పొద్దున్నే వ్యానుల్లో దిగిన పర్యాటకుల నడుములకూ తొడలకూ పట్టీలు బిగించడం, తలకు సరిపోయే హెల్మెట్ వెతికి ఇవ్వడం, ఏ మంచె మీద ఎవరున్నారో వైర్‌లెస్‌లో కనుక్కోవడం. వాళ్ళు వణుకుతూ చెట్ల మీది మంచెకు మెట్లెక్కుతారు, కేకలు పెడుతూ ఉక్కుతాడు మీద జారతారు, అవతలికి చేరగానే వీరుల్లా ఫొటోలు దిగుతారు. నిన్న మబ్బు విడిపోయి మన నిప్పుకొండ కనిపించింది. దడదడమని నాలుగు రాళ్ళు దొర్లించేసరికి ఒక ముసలి అమెరికా గ్రింగో చప్పట్లు కొట్టాడు. మా యజమాని దోన్ ఫాబియో ముఖం వెలిగిపోయింది, తన డబ్బుతో తనే పేల్పించినట్టు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అంతా మామూలుగానే ఉందే, ఎవేలియో ఒక్కడే లేడే అని.

ప్రమాదం గురించి పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది. "గైడు తాడు మారే సమయంలో తన కొక్కెం తగిలించుకోలేదు. స్వయంకృత అజాగ్రత్త." ఇంతే రాశారు. మయేలా, ఎనిమిదేళ్ళు ఆ తాళ్ళ మీద బతికినవాడు. మా ఇంట్లో ఊయల మీద పడుకోబోయేముందు కూడా అలవాటుగా నడుం తడుముకునేవాడు. వాడికి అజాగ్రత్తా?

అడగాల్సినవి రెండున్నాయి. ఏడో మంచె అన్నిటికంటే ఎత్తు. అక్కడ ఎవేలియో పక్కన ఎప్పుడూ ఓల్గర్ ఉండేవాడు. "మొగుడూ పెళ్ళాం వచ్చారర్రా" అని గైడ్లంతా ఏడిపించేవాళ్ళు. మరి ఆ ఒక్కరోజు ఓల్గర్ ఐదో మంచె మీద ఎందుకున్నాడు?

రెండోది. తమ్ముడు పడ్డచోటికి అందరికంటే ముందు చేరింది ఓల్గరే. మిగతావాళ్ళు తమ్ముణ్ణి ఇంకా మోసుకొస్తుండగానే అతనొక్కడూ వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. గైడ్ల సామాన్ల గదిలోంచి తమ్ముడి సంచి తీసి చొక్కా కింద దోపుకున్నాడు. నా కళ్ళతో చూశాను. "ఏంటది?" అంటే, "మయేలా తెమ్మంది అక్కా" అన్నాడు.

నువ్వు తెమ్మన్నావా?

నీ వదిన,
గ్రిసెల్దా

*

క్వాహినికీల్,
ఏప్రిల్ 2

వదినకు,

రాయనందుకు క్షమించండి. రాద్దామని కూర్చుంటే చెయ్యి కదల్లేదు. ఈ ఊళ్ళో ఉన్నది ఒకే ఫోను. అది అంగడిలో ఉంటుంది. నేను హలో అనేలోపే ఉప్పు కోసం వచ్చినవాళ్ళు నలుగురూ చెవులు రిక్కిస్తారు. అందుకే ఫోనూ చెయ్యలేదు.

తమారాను ఇక్కడి బడిలో చేర్పించాను. సముద్రం దాని కళ్ళకు కొత్త. పడవలు రాగానే వాళ్ళ అమ్మమ్మ వెనకాలే పోయి చేపలు లెక్కపెడుతుంది. రాత్రుళ్ళు కొండ ఉరుము వినపడక నిద్రపట్టడం లేదంటుంది. అందరూ ఆ చప్పుడుకు భయపడితే దీనికి అది లేకపోతే భయం.

సంచి సంగతి అడిగారు. అవును, నేనే తెమ్మన్నాను. అందులో ఒక చొక్కా, ఒక తువ్వాలు తప్ప ఏమీ లేవు. ఆయన వాసన ఉన్న బట్టలు పోలీసుల చేతుల్లో పడటం ఇష్టంలేక తెమ్మన్నాను.

ఐదో మంచె సంగతి నాకు తెలియదు.

వదినా, పోయినవాళ్ళు తిరిగి రారు. ఆఫీసువాళ్ళు రాసిందేదో రాశారు. వదిలెయ్యండి. ముఖ్యంగా ఓల్గర్‌తో గొడవ పెట్టుకోకండి. ఆయనకు అన్నదమ్ముల కంటే ఎక్కువ.

మయేలా

*

లా ఫోర్తూనా,
ఏప్రిల్ 20

మయేలా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి చదివాక మంచం మీంచి లేచి కూర్చున్నాను.

ఓల్గర్ సంచి తీసినప్పుడు పదకొండున్నర. నీకు కబురు చెప్పింది నేను. నువ్వు వంటచేసే హోటల్‌కి వెనక గుమ్మంలోంచి వచ్చాను. అప్పుడు ఒంటిగంట. నీ చేతులకు మొక్కజొన్న పిండి ఉంది. నన్ను చూసి "ఏంటి వదినా, ఆకలా?" అని నవ్వావు. మొగుడు పోయాడని ఒంటిగంట దాకా తెలియనిదానివి, పదకొండున్నరకే ఆయన బట్టలు తెమ్మని ఎలా చెప్పావు?

అబద్ధం ఆడాలనుకున్నప్పుడు గడియారం చూసుకుని ఆడాలమ్మా.

ఈస్టర్ పవిత్ర వారంలో ఊరు కిక్కిరిసిపోయింది. జలపాతం దగ్గర ఐదొందల మెట్ల మీదా ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఒకరినొకరు తోసుకున్నారు. గుర్రాలకు తీరిక లేదు, నదిలో రబ్బరు పడవలకు తీరిక లేదు. పండగ అయిన ఆదివారం మనవాళ్ళంతా వంతెన కింద వేడి వాగులో మునిగి ఒళ్ళు నొప్పులు తీర్చుకుంటున్నారు. ఓల్గర్ ఒక రాతికి ఆనుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. లంగా తడుస్తుందని కూడా చూసుకోకుండా వాగులోకి దిగాను.

"ఓల్గర్, సంచిలో ఏముంది?"

కళ్ళు తెరవలేదు. "చొక్కా అక్కా."

"చొక్కా కోసం, అక్కడ వాడు చచ్చిపడి ఉంటే వదిలేసి పరిగెత్తావా?"

అతను దోసిలితో నీళ్ళు తీసుకుని ముఖం మీద కొట్టుకున్నాడు.

"నీళ్ళు బాగున్నాయి. కాసేపు కూర్చోండక్కా. మీ మోకాళ్ళకి మంచిది."

"నా మోకాళ్ళ సంగతి నీకెందుకు! తమారా మీద ఒట్టేసి చెప్పు, సంచిలో చొక్కా తప్ప ఏమీ లేదని."

అప్పుడు లేచాడు. "చిన్నపిల్ల మీద ఒట్టెయ్యను. మీరేమనుకున్నా సరే." అని ఆ తడిబట్టలతోనే వెళ్ళిపోయాడు.

నిజం చెప్పేవాడైతే ఒట్టేయడానికి భయమెందుకు?

ఇంకా ఉంది. పోస్టాఫీసులో నూబియా లేదూ, నోట్లో నువ్వుగింజ నానని మనిషి. నేను నీ ఉత్తరం తీసుకుంటుంటే, "మీ కుటుంబం పుణ్యమా అని మాకు బేరం బాగుందమ్మా. ఓల్గర్ కూడా పదిహేను రోజులకోసారి మీ మరదలికి పొట్లం పంపిస్తాడుగా. నీకు తెలీదూ?" అంది. నాకు తెలిసినట్టే తల ఊపి బయటికొచ్చాను.

ఏం పంపిస్తున్నాడు? ఎందుకు పంపిస్తున్నాడు? ఎప్పటినుంచి?

గ్రిసెల్దా

*

క్వాహినికీల్,
మే 5

వదినకు,

మీరు రాసింది అర్థమైంది. రాయకుండా వదిలేసింది ఇంకా బాగా అర్థమైంది.

ఓల్గర్ పంపేవి తమారాకి. జామపండు హల్వా ఉంటుంది. దాంతో పాటు ఒక కాగితం. వాళ్ళ నాన్న తాళ్ళ మీద చేసిన అల్లరి పనులు ఒక్కోసారి ఒక్కోటి రాస్తాడు. పోయినసారి రాసింది, ఒక కోతి ఆయన హెల్మెట్ ఎత్తుకుపోయిన కథ. పిల్ల దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. కావాలంటే నూబియాను అడగండి, ఈసారి పొట్లం విప్పి చూపిస్తుంది.

ఆయన బతికుండగా మీరు నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన పోయి నాలుగు నెలలు కాకముందే ఇంత నింద మోపారు. ఇకమీదట నాకు రాయకండి.

మయేలా

*

లా ఫోర్తూనా,
జూన్ 8

మయేలా,

రాయొద్దన్నావు. ఇది చదివాక నువ్వే నాకు రాస్తావు.

వానలు మొదలయ్యాయి. పోయిన మంగళవారం పనికి బయల్దేరుతుంటే కుండపోత. మా తలుపు వెనక తమ్ముడి వానకోటు ఉంది. డిసెంబరులో వచ్చినప్పుడు మర్చిపోయి వెళ్ళాడు, ఇన్నాళ్ళూ దాన్ని తాకడానికి చెయ్యి రాలేదు. ఆ రోజు వేసుకున్నాను. జేబులో చెయ్యి పెడితే కాగితం తగిలింది. సాన్ కార్లోస్‌లో ఒక మందుల షాపు చీటీ. పేరు ఓల్గర్ కిరోస్ అని స్పష్టంగా ఉంది.

మన ఊళ్ళో మందుల షాపుండగా గంట ప్రయాణం చేసి అక్కడెందుకు కొనాలి? సెలవు పెట్టి వెళ్ళాను. కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయి చీటీ చూసి, "ఇవి మూర్ఛకు వేసుకునే బిళ్ళలండీ. ఈ ఓల్గర్ గారు రెండేళ్ళుగా నెలనెలా వచ్చేవారు. జనవరి తర్వాత రాలేదు. బాగున్నారా?" అంది.

బాగున్నారా అంటే ఏం చెప్పను!

ఇప్పుడు నాకు అంతా తేలిపోయింది. మూర్ఛ ఉన్న మనిషి! ముప్ఫై మీటర్ల ఎత్తున, పరాయిదేశం పిల్లల ప్రాణాలు చేత్తో పట్టుకుని! ఆ రోజు ఐదో మంచె మీద వాడికి మూర్ఛ వచ్చి ఉంటుంది. వాణ్ణి కాపాడాలని ఏడో మంచె మీంచి బయల్దేరే తొందరలో నా తమ్ముడు కొక్కెం తగిలించుకుని ఉండడు. అందుకే చీటీ తమ్ముడి జేబులో ఉంది, వాడికి విషయం తెలిసిపోయింది. అందుకే ఓల్గర్ సంచి మాయం చేశాడు. అందుకే నీ నోరు నొక్కడానికి హల్వా పంపిస్తున్నాడు.

చీటీ తీసుకెళ్ళి దోన్ ఫాబియో బల్ల మీద పెట్టాను. గైడ్లందర్నీ పిలిచారు. ఓల్గర్ ఆ కాగితం చాలాసేపు చూశాడు.

"ఇది నీదేనా?" అన్నాడు దోన్ ఫాబియో.

"నా పేరే ఉంది."

"నీకు మూర్ఛ ఉందా?"

కాగితాన్ని తిరిగి బల్ల మీద పెట్టాడు.

"ఓరి దరిద్రుడా, పోనీ లేదని చెప్పు! ఆ ఒక్క మాట చెప్పు, ఇప్పుడే చింపేస్తాను!" పాపం, ముసలాయనకు వాడంటే ప్రేమే.

"చెప్పుకోవడానికేం లేదు దోన్ ఫాబియో" అన్నాడు. నడుం పట్టీ విప్పి, మడతపెట్టి, నా చేతిలో పెట్టాడు. నా ముఖంలోకి చూశాడు. కోపంగా చూస్తాడనుకున్నాను. అలా చూడలేదు.

ఇప్పుడతణ్ణి ఎవరూ పనిలోకి తీసుకోవడం లేదు. నది పడవలవాళ్ళు వద్దన్నారు, గుర్రాలవాళ్ళు వద్దన్నారు. జలపాతం దగ్గర ముసలి పర్యాటకుల సంచులు మోస్తున్నాడు, ఐదొందల మెట్లు ఎక్కుతూ దిగుతూ. పిల్లలు వెనకాల గిలగిలా కొట్టుకున్నట్టు నటించి ఏడిపిస్తున్నారట. అది విని నాకు సంతోషమేమీ కలగలేదు. కానీ న్యాయం జరిగింది.

నీకు తెలిసీ దాచావా, తెలియకనా? అదొక్కటే చెప్పు.

గ్రిసెల్దా

*

క్వాహినికీల్,
జూన్ 19

వదినా,

మీ ఉత్తరం చదివాను. నాలుగు కాగితాలు రాసి చింపాను. ఇది ఐదోది. దీన్ని చించను.

మూర్ఛ ఓల్గర్‌కి కాదు. మీ తమ్ముడికి.

రెండేళ్ళ కిందట సరస్సు గట్టున గుర్రం ఆయన తలమీద తన్నింది, గుర్తుందా? ఒక రోజు పడుకుని లేచి, "ఏం కాలేదు, దాని కాలే నొప్పి పుట్టి ఉంటుంది" అని నవ్వించాడు. నెల తర్వాత వంటింట్లో పడిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. పది రోజులకు మళ్ళీ. ఎవరికీ చెప్పకుండా సాన్ కార్లోస్ వెళ్ళాం. డాక్టరు ఒకటే మాట అన్నాడు: "ఎత్తు ఎక్కకూడదు. నీళ్ళలో దిగకూడదు." బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. "ఎత్తు ఎక్కకుండా, నీళ్ళలో దిగకుండా ఆ ఊళ్ళో ఇంకేం పని చేస్తారు మయేలా? హోటల్లో దుప్పట్లు మడతపెట్టనా?" అన్నాడు. నేను ఏడ్చాను. కాళ్ళు పట్టుకున్నాను. వినలేదు. చివరికి నేనే లొంగిపోయాను. ఆ పాపం నాది.

ఓల్గర్‌కి ఆయనే చెప్పాడు. ఓల్గర్ ఆయన చెంప మీద కొట్టాడు. మర్నాటి నుంచి ఆయన పక్కన నిలబడ్డాడు. మన ఊళ్ళో మందులు కొంటే సాయంత్రానికి నూబియా దాకా పోతుందని, సాన్ కార్లోస్‌లో తన పేరు మీద కొనేవాడు. ఏడో మంచె మీద తన నడుం నుంచి ఆయన నడుంకి వేరే తాడు కట్టేవాడు, ఆయన కొక్కెం మార్చుకునేంతసేపూ. పర్యాటకులకు అదేమిటో తెలియదు. మీ గైడ్లకేమో అది మొగుడూ పెళ్ళాం వేళాకోళం.

రెండేళ్ళలో ఒక్కసారి మాత్రం పైన వచ్చింది. అది వచ్చేముందే ఆయనకు ఏదో కాలిన వాసన తగిలిందట. చెట్టు మొదలు పట్టుకుని కూర్చుండిపోయాడు. ఓల్గర్ జర్మనీవాళ్ళ గుంపు ముందు ఏదో పాట అందుకుని, అందరినీ వెనక్కి తిప్పాడట. ఇంటికొచ్చి ఇద్దరూ పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

సంచిలో ఉన్నవి బిళ్ళలు. పోలీసులకు అవి దొరికితే రోగం దాచి పనిచేశాడని తేలుతుంది. అప్పుడు ప్రమాద బీమా పింఛను తమారాకు రాదు. ఆ సంగతి ఓల్గర్‌కి తెలుసు. స్నేహితుడి ఒళ్ళు చల్లబడకముందే పిల్ల అన్నం గురించి ఆలోచించాడు. నేను పారిపోయి వచ్చింది కూడా అందుకే. మీ ముందు కూర్చుంటే మీరు కళ్ళలోకి చూసి రాబట్టేస్తారని.

ఇప్పుడు ఓల్గర్ నా కూతురి కూటి కోసం ఆ రోగం తన నెత్తిన వేసుకున్నాడు. అతనికి ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు. నిజం చెప్తే పింఛను పోతుంది, ఆయన పేరూ పోతుంది. చెప్పకపోతే ఒక నిర్దోషి ఆ మెట్ల మీద అరిగిపోతాడు. మీరు పెద్దవారు. చెప్పండి.

ఆ రోజు ఓల్గర్ ఐదో మంచె మీద ఎందుకున్నాడో నాకు నిజంగానే తెలియదు. అడిగితే, "ఆ సంగతి ఎప్పుడూ అడక్కు మయేలా" అన్నాడు.

మయేలా

*

లా ఫోర్తూనా,
జూన్ 29

మయేలా,

ముందు నమ్మలేదు. ఓల్గరే నీచేత ఇలా రాయించాడనుకున్నాను. చూశావా, ఎలాంటిదాన్నో! మళ్ళీ సాన్ కార్లోస్ వెళ్ళాను. ఎవేలియో ఫొటో తీసుకుని ఆ డాక్టరు దగ్గరికి. రోగుల సంగతులు బయటికి చెప్పకూడదన్నాడు. తర్వాత ఫొటో చేతిలోకి తీసుకుని, "నా మాట వినలేదన్నమాట" అన్నాడు. నాకు అది చాలింది.

ఓల్గర్ ఐదో మంచె మీద ఎందుకున్నాడో నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. నేనే పంపాను.

ఆ పొద్దున ఒక భారీమనిషి వచ్చింది, కెనడా ఆవిడ. పట్టీలు కడుతుంటేనే వణికిపోతోంది. ఐదో తాడు పొడుగు, మధ్యలో ఆగిపోతే లాగడానికి బలమైనవాడు కావాలి. వైర్‌లెస్‌లో ఓల్గర్‌ని ఐదుకు రమ్మన్నాను. "అక్కా, నేను ఏడులోనే ఉండాలి. ఇంకెవరినైనా పంపండి" అన్నాడు. "ఎందుకు, పెళ్ళాన్ని వదిలి ఉండలేవా? ఒక్క గంట విడిపోతే చచ్చిపోతారా ఇద్దరూ?" అన్నాను. అందరి వైర్‌లెస్‌ల్లోనూ నవ్వులు. "అక్కా, దయచేసి" అన్నాడు. "దిగి రా. లేదంటే దోన్ ఫాబియోకి చెప్తా" అన్నాను. అప్పుడు ఎవేలియో గొంతు వినపడింది. "వెళ్ళరా, నాకేం కాదు. మా అక్క నోరు నీకు తెలుసుగా."

నేను విన్న వాడి చివరి మాట అదే.

ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. గైడన్నవాడు ఏ మంచె మీదైనా నిలబడతాడు, దానికీ దీనికీ సంబంధమేమిటని. అయినా గుండెలో ముల్లు. ఎవరిమీదికైనా తోసేస్తే పోతుందనుకున్నాను. ఓల్గర్ ఐదులో ఎందుకున్నాడని నిన్ను అడిగాను, పోలీసుల్ని అడిగాను. ఓల్గర్‌ని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. గమనించావా? అడిగితే చెప్తాడని భయం. అతనేమో తనంతట తాను ఎవరికీ చెప్పలేదు. మంచెల మీద నవ్విన గైడ్లు కూడా ఆ మాట ఎత్తలేదు, నా తమ్ముడు పోయాడన్న జాలితో.

నిన్న జలపాతానికి వెళ్ళాను. వాన. రెండొందలో మెట్టు దగ్గర ఎదురుపడ్డాడు, వీపు మీద ఎవరిదో పెద్ద సంచితో. మెట్టు మీద కూలబడ్డాను.

"మయేలా రాసిందా?" అన్నాడు.

తల ఊపాను.

"రాయొద్దన్నాను. ఎవరి మాటా వినే కుటుంబం కాదు మీది." సంచి దించి పక్కన కూర్చున్నాడు. "సరే, తెలిసింది. ఇక మీ నోరు కట్టేసుకోండక్కా. పిల్ల పెద్దదయ్యేదాకా నాకీ మెట్లు అలవాటే."

"ఐదో మంచె సంగతి ఎందుకు చెప్పలేదు ఓల్గర్? ఆ ఒక్క మాట అని ఉంటే నా నోరు అప్పుడే మూతపడేది."

"అది చెప్తే మీరు బతకరని" అన్నాడు.

"నన్ను క్షమించు."

"ఇప్పుడు నన్నడక్కండి. ఇవాళ ఒంట్లో ఓపిక లేదు." సంచి ఎత్తుకుని పైకి వెళ్ళిపోయాడు. పైనుంచి దాని సొంతదారుడు, త్వరగా రమ్మని చేతులూపుతున్నాడు.

నీ మాట లేకుండా నేను నోరు విప్పను. పింఛను నీ కూతురిది, పేరు నీ మొగుడిది. కానీ నా వంతు తప్పు నేను మోయాలి. ఏం చెయ్యమంటావు?

గ్రిసెల్దా

*

క్వాహినికీల్,
జూలై 7

వదినా,

అమ్మతో చెప్పాను. ఆమె చేపలు కోస్తూ విన్నది. "ఇంకొకడి వీపు మీద కూర్చుని ఎన్నాళ్ళు తింటావే?" అంది. మళ్ళీ కత్తి పట్టుకుంది.

చెప్పెయ్యండి. అందరికీ. పింఛను ఆఫీసుకు నేనే రాస్తున్నాను. ఇక్కడ చేపలకు ఉప్పు పట్టించే షెడ్డులో పని దొరికింది.

మీ వంతు తప్పు సంగతి నేనేమీ అనలేను. ఇప్పటికి ఇంతే.

మయేలా

*

లా ఫోర్తూనా,
జూలై 20

మయేలా,

చెప్పేశాను.

పొద్దున ఆరింటికి, వ్యానులు రాకముందు, గైడ్లంతా షెడ్డు కింద కాఫీ తాగుతారు కదా, అప్పుడు. దోన్ ఫాబియోను కూడా పిలిపించాను. గుర్రాలవాళ్ళనూ పడవలవాళ్ళనూ రమ్మని ముందురోజే కబురంపాను. చీటీ ఎవరి కోసమో చెప్పాను. ఎవేలియో రోగం చెప్పాను. వైర్‌లెస్‌లో నేనన్న మాటలు, ఒక్కటి కూడా మార్చకుండా అప్పగించాను. ఆ రోజు నవ్విన కుర్రాళ్ళు తలలు దించుకున్నారు.

ఎవరో ఒకరు నన్ను తిడతారనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. గుర్రాల మకారియో మాత్రం, "ఆ మనిషిని మా దొడ్డికి రావొద్దని తరిమాను. మేనల్లుళ్ళచేత రాళ్ళేయించాను. ఇప్పుడు ఏ ముఖంతో పిలవను?" అని అరిచాడు. "ఆ ముఖంతోనే పిలువు" అన్నాను.

కానీ అంతా సుఖాంతం అనుకోకు. దోన్ ఫాబియో ఓల్గర్‌ని తిరిగి తీసుకోనన్నాడు. "మూర్ఛ లేదని సంతోషమే. కానీ రెండేళ్ళు జబ్బు మనిషిని ఎత్తు మీద పెట్టి నాకు దాచాడు. ఆరోజు ఎవేలియో చేతిలో ఒక పసిపిల్ల ఉండుంటే?" అన్నాడు. తర్వాత ఓల్గర్ ఆ మాట విని, "నిజమే. నేనైనా తీసుకోను" అన్నాడట. నాకూ అది న్యాయమే అనిపించింది, మింగుడుపడకపోయినా. మయేలా, మనందరం వాణ్ణి ప్రేమించాం. ఆ ప్రేమతోనే వాణ్ణి పైకెక్కించాం.

మకారియో మర్నాడే ఓల్గర్ ఇంటికి వెళ్ళి గుమ్మంలో "ఊపే! ఇంట్లో ఉన్నావా?" అని పిలిచాడట. సరస్సు గట్టున గుర్రపు సవారీకి ఓల్గర్ పోయిన వారం సోమవారం నుంచి వెళ్తున్నాడు. నేను పట్టీల గది తాళాలు ఇచ్చేశాను. వైర్‌లెస్ చప్పుడు వినలేను. తోడుకోడలి కూతురి టిఫిన్ బండి దగ్గర మొక్కజొన్న రొట్టెలు కాలుస్తున్నాను.

ఓల్గర్ బండి ముందు నుంచే రోజూ వెళ్తాడు. మొదటి వారం తల తిప్పుకున్నాడు. నిన్న ఆగి, రెండు రొట్టెలు కొని, డబ్బులిచ్చి వెళ్ళాడు.

నువ్వు నన్ను క్షమించావా? అడిగే హక్కు లేదు. అయినా అడుగుతున్నాను.

గ్రిసెల్దా

*

క్వాహినికీల్,
ఆగస్టు 3

వదినా,

పింఛను ఆపేస్తున్నట్టు కాగితం వచ్చింది. ఇచ్చినవి వెనక్కి అడగలేదు, అంతవరకు నయం. ఆ రాత్రి చాన్నాళ్ళకు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

తమారాకు వాళ్ళ నాన్న జబ్బు సంగతి చెప్పాను. "నొప్పి పుట్టేదా?" అని అడిగింది. లేదన్నాను. "మరి ఎందుకు దాచాడు?" అంది. పనంటే ఇష్టం కనుక అన్నాను. ఆలోచించి, "నాకు చెప్పుంటే నేనెవరికీ చెప్పేదాన్ని కాదు" అంది. అది విన్నాక మనందరి మీదా నాకు ఒకేసారి కోపం వచ్చింది. ఇంట్లో అందరం ఒకరికొకరం దాచుకున్నవాళ్ళమే, దీనికీ అదే నేర్పామే అని.

క్షమించావా అని అడిగారు. ఇంకా లేదు. మీ మాట చెవిలో మోగినప్పుడల్లా పళ్ళు కొరుక్కుంటాను. ఆ వెంటనే నేను కూడా రెండేళ్ళపాటు రోజూ పొద్దున ఆయనకు అన్నం డబ్బా కట్టి పైకి పంపానని గుర్తొస్తుంది. మీరు ఓల్గర్‌ని ఒక్కసారి పంపారు. నేను ఆయన్ని రోజూ పంపాను. ఈ లెక్క తేలేదాకా నన్నేమీ అడక్కండి.

కానీ పిల్ల కొండ దగ్గర పడుకుంటానని మారాం చేస్తోంది. హోటల్‌వాళ్ళు నా పని నాకు ఇస్తామన్నారు. మా ఇల్లు అద్దెకిచ్చేశాను కనుక, అది ఖాళీ అయ్యేదాకా మీ ముందు గదిలో ఉంటాం. మీరు రమ్మనకపోయినా వస్తాం.

శనివారం మధ్యాహ్నం బస్సుకు దిగుతున్నాం. పెట్టెలు రెండున్నాయి. ఎదురు రండి.

మయేలా